ఐదులో చేరింది ఎందరు, పదిలో మిగిలింది ఎందరు?

పదో తరగతి ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ మెదక్ పట్టణంలోని ముస్లిం బస్తీల్లో ఒకే వాదం మొదలవుతుంది. బిడ్డను మైనారిటీ గురుకులంలో చేర్పించాలా, వీధి చివరనున్న ఉర్దూ బడిలోనే ఉంచాలా? ఆటో నడిపే తండ్రికీ, బీడీలు చుట్టే తల్లికీ ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. పదేళ్ల పిల్లను ఇంటి నుంచి పంపడమా, మానడమా అన్న నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకోవడానికి ప్రభుత్వం వారి చేతికిస్తున్న ఆధారం ఒకే ఒక్క అంకె: ఉత్తీర్ణత శాతం. ఆ అంకె చెప్పవలసినదాన్ని చెప్పడం లేదనీ, దాని మాటున మన పిల్లలు కొందరు లెక్కకు రాకుండా పోతున్నారనీ మేము భావిస్తున్నాము.

మొదటే ఒక మాట స్పష్టం చేస్తాము. మేము గురుకులాలకు వ్యతిరేకులము కాము. 2006లో సచార్ కమిటీ, ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ నివేదిక వచ్చిన పదేళ్లకు, 2016లో, తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి 71 మైనారిటీ గురుకులాలను ప్రారంభించింది. రెండు మూడేళ్లలో వాటి సంఖ్య 204కు చేరింది. నూటికి 75 సీట్లు మైనారిటీలకు, 25 ఇతరులకు. ఆంగ్ల మాధ్యమం, ఉచిత భోజనం, వసతి, పుస్తకాలు. ఆడపిల్లలకు విడిగా పాఠశాలలు. ఐదో తరగతితోనే చదువు ఆగిపోవలసిన ఎందరో బాలికలు ఈ గురుకులాల వల్ల ఇంటర్ వరకు వచ్చారు. దీన్ని కాదనేవాడు కళ్లుండీ చూడనివాడే.

వసతి బడి ఈ ఊరికి కొత్త కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి నీడలో మిషనరీలు బడులూ వసతి గృహాలూ నడిపారు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో తొలి ప్రభుత్వ గురుకులం వెలసింది. పేద పిల్లవాడికి కడుపునిండా తిండి, పక్కన దీపం, ఎదుట గురువు దొరికితే ఏం సాధించగలడో తెలంగాణకు అర్ధ శతాబ్దంగా తెలుసు. మా ఫిర్యాదు గురుకులం మీద కాదు, దాని పేరిట వేస్తున్న లెక్క మీద.

ఆ లెక్క ఎలా నడుస్తోందో చూడండి. పది పరీక్ష రాసినవారిలో ఎందరు ఉత్తీర్ణులయ్యారో ప్రకటిస్తారు. గురుకులాల శాతం ఎక్కువ, ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల శాతం తక్కువ. వెంటనే పాలకులు "మా పథకం విజయం" అంటారు. వ్యతిరేకులు "ఒక్కో విద్యార్థిపై ఏటా లక్ష రూపాయలకు పైగా ఖర్చు పెడితే ఎవరైనా తెస్తారు ఈ ఫలితాలు" అంటారు. ఇద్దరూ పరీక్ష హాలులో కూర్చున్న పిల్లలనే చూస్తున్నారు. ఆ హాలు దాకా రాలేకపోయిన పిల్లవాడు ఇద్దరి లెక్కలోనూ లేడు.

ఒక చిన్న ఉదాహరణ ఊహించుకుందాం. ఒక గురుకులంలో ఐదో తరగతిలో 80 మంది చేరారు. ఇంటి మీద బెంగతో కొందరు, అనారోగ్యంతో కొందరు, ఆంగ్లం అందక కొందరు, తండ్రి వలస పోయినందున కొందరు వెళ్లిపోగా, పదో తరగతికి 50 మంది మిగిలారు. యాభై మందీ ఉత్తీర్ణులయ్యారు. ఫలితం నూటికి నూరు. అదే ఊరి ఉర్దూ బడిలోనూ 80 మంది ఉండగా, 75 మంది పది రాశారు, 60 మంది గట్టెక్కారు. ఫలితం నూటికి 80. ఫ్లెక్సీ మొదటి బడికి కడతారు. సంజాయిషీ నోటీసు రెండో బడి ప్రధానోపాధ్యాయుడికి పంపుతారు. కానీ చేరిన ఎనభై మందిలో ఎక్కువ మందిని పది దాటించినది రెండో బడే కదా! పైగా మొదటి బడి విడిచిన ముప్పై మందిలో చాలామంది చివరకు చేరేది ఈ రెండో బడిలోనే. వారు తప్పితే ఆ తప్పు కూడా దాని ఖాతాలోనే పడుతుంది.

ఇవి ఊహించిన అంకెలే. అయితే పిల్లలు మధ్యలో వెళ్లిపోతున్నారన్నది మా ఊహ కాదు. ప్రవేశ ప్రకటనలే దానికి సాక్ష్యం. ఐదో తరగతి సీట్లతో పాటు 6, 7, 8 తరగతుల్లో "బ్యాక్‌లాగ్ ఖాళీల"కు కూడా మైనారిటీ గురుకులాలు దరఖాస్తులు ఆహ్వానిస్తాయి. కొన్ని సీట్లు మొదటి నుంచీ నిండనివి కావచ్చు. కొన్ని మాత్రం పిల్లలు విడిచి వెళ్లినవి. కొత్త పిల్లవాడు ఆ మంచం మీదికి రాగానే హాజరు పట్టీ నిండుగా కనిపిస్తుంది. పాత పిల్లవాడు ఏమయ్యాడని అడిగేవారుండరు.

ఇంకొక సంగతి. 2016లో ఈ గురుకులాల్లో ఏడో తరగతిలో చేరినవారు 2020లో పదికి వచ్చారు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ కరోనా కారణంగా పరీక్షలు రద్దయి రాష్ట్రంలోని అందరూ ఉత్తీర్ణులయ్యారు. ఐదో తరగతిలో చేరిన తొలి బృందం నిజంగా పరీక్ష రాసింది 2022లో, ఇంటర్ ముగించింది 2024లో. అంటే ఐదు నుంచి ఇంటర్ దాకా ఒక పూర్తి వలయం తిరిగి ఎంతో కాలం కాలేదు. ఇక రాష్ట్రమంతటి ఉత్తీర్ణతే 2023లో 86.60 శాతం, 2024లో 91.31, 2025లో 92.78. దాదాపు అందరూ నెగ్గే పరీక్షలో నాలుగైదు శాతం తేడాను చూపి ఒక విద్యా విధానానికి పట్టాభిషేకమో, మరొక దానికి మరణ శాసనమో రాయడం న్యాయమా? ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడూ, తొంభై తెచ్చుకున్న పిల్లవాడూ ఆ శాతంలో ఒక్కటే.

ఈ తగవు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో, స్వతంత్ర యాజమాన్యంలో నడిచే చార్టర్ పాఠశాలలకు 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. అక్కడా ఇదే వాదం. 2009లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గణితంలో పిల్లల ప్రగతిని పోల్చి చూస్తే, 17 శాతం చార్టర్ పాఠశాలలు సాధారణ ప్రభుత్వ బడుల కంటే మెరుగ్గా ఉన్నాయి. 46 శాతంలో తేడా లేదు. 37 శాతం వెనుకబడి ఉన్నాయి. అదే బృందం తర్వాత చేసిన అధ్యయనాల్లో వాటి పరిస్థితి మెరుగైంది. మనకు అక్కరకొచ్చేది ఆ అంకెల కన్నా వారు నేర్చుకున్న పద్ధతి. చురుకైన తల్లిదండ్రులే పిల్లలను కొత్త బడికి దరఖాస్తు చేయిస్తారు గనుక, ఫలితంలో బడి పాలు ఎంత, ఇంటి పాలు ఎంత అన్న చిక్కు వస్తుంది. దాన్ని విప్పడానికి బోస్టన్ వంటి చోట్ల పరిశోధకులు లాటరీలో సీటు వచ్చిన పిల్లలను, అదే లాటరీలో సీటు రాని పిల్లలతో పోల్చారు. ఇద్దరి తల్లిదండ్రులూ దరఖాస్తు చేసినవారే. తేడా అదృష్టానిదే. కనుక తర్వాత వచ్చే తేడా బడిది.

మన గురుకులాల్లోనూ లక్కీడిప్ పద్ధతిన సీట్లు ఇచ్చిన సంవత్సరాలున్నాయి. ఆ జాబితాలు ప్రభుత్వం దగ్గర ఉండాలి. సీటు వచ్చిన పిల్ల ఏమైంది, రాని పిల్ల ఏమైంది అని వెదికితే గురుకులం నిజమైన విలువ బయటపడుతుంది. యూడైస్ వ్యవస్థలో ఇప్పుడు ప్రతి విద్యార్థికీ విడిగా నమోదు ఉంది. పని అసాధ్యమేమీ కాదు. అడిగేవారు లేకనే జరగడం లేదు.

ఈ లెక్క కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, శాతాల పోలిక చివరకు పడేది ఉర్దూ బడి నెత్తిన. "గురుకులం ఉంది కదా, ఉర్దూ బడి ఎందుకు?" అన్న మాట కార్యాలయాల్లోనే కాదు, మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. ఉర్దూ మీడియం ఫలితాలు బలహీనంగా ఉంటే కారణం ఉర్దూ కాదు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు వంటి శాస్త్రాలను ఈ భాషలో బోధించి చూపింది. నేడు కొరత ఉపాధ్యాయులది. ఎస్సీ, ఎస్టీ రోస్టర్‌కు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక, డీఎస్సీ వెంట డీఎస్సీ అవి ఖాళీగా మిగులుతున్నాయి. దళిత, గిరిజన సోదరుల వాటా ఒక్క ఉద్యోగం కూడా తగ్గకుండా, ఆ పోస్టులకు సమానంగా ఇతర మాధ్యమాల్లో వారికిచ్చి, ఉర్దూ పోస్టులను భర్తీ చేయవచ్చు. ఇందుకు కావలసింది సంకల్పమే. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించారు. రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటోంది. గణితం చెప్పే పంతులు లేని బడిని గణితంలో తప్పిందని దండించడం, కాళ్లు కట్టేసి పరుగు పందెం పెట్టడమే.

గురుకులాల లోపలి స్థితినీ శాతాలు కప్పిపుచ్చుతున్నాయి. అత్యధిక మైనారిటీ గురుకులాలు నేటికీ అద్దె భవనాల్లోనే ఉన్నాయి. 2024 అక్టోబరులో దసరా సెలవులు ముగిసి పిల్లలు తిరిగివచ్చేసరికి, అద్దె బకాయిల కోసం యజమానులు రాష్ట్రంలో పలుచోట్ల గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. సామాను పెట్టెలతో పిల్లలు గేటు బయట నిలబడ్డారు. అదే నెలలో ప్రభుత్వం యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపనలు చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు ఒకే ప్రాంగణంలో కలసి చదవడాన్ని మేము ఆహ్వానిస్తాము. అయితే కొత్త ప్రాంగణంలో మైనారిటీ సీట్లు ఎన్ని, ఉర్దూ బోధన ఉంటుందా, పట్టణానికి దూరమైతే ఆడపిల్లల తల్లిదండ్రులు పంపుతారా అన్న ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ముందే కావాలి. కట్టిన తర్వాత అడిగితే గోడలకు చెప్పుకున్నట్లే.

కనుక మా డిమాండ్లు ఇవి.

ఒకటి: ప్రతి మైనారిటీ గురుకులం తన నోటీసు బోర్డు మీద ఒక పట్టిక పెట్టాలి. ఏ ఏడాది ఐదులో ఎందరు చేరారు, వారిలో ఎందరు అక్కడే పది రాశారు, ఎందరు ఇంటర్ ముగించారు, మధ్యలో వెళ్లినవారు ఎక్కడ చేరారు.

రెండు: ఉర్దూ, జిల్లా పరిషత్ పాఠశాలలకూ ఇదే పట్టిక ఉండాలి. మరో బడి నుంచి మధ్యలో వచ్చి చేరినవారిని విడిగా చూపాలి.

మూడు: లాటరీ జాబితాల ఆధారంగా స్వతంత్ర అధ్యయనం జరిపించి, ఫలితాన్ని తెలుగులో, ఉర్దూలో ప్రచురించాలి.

నాలుగు: ఉర్దూ ఉపాధ్యాయ ఖాళీలను భర్తీ చేసేంతవరకు, ఫలితాలను సాకుగా చూపి ఏ ఉర్దూ బడినీ మూయరాదు, మరో బడిలో విలీనం చేయరాదు.

ఐదు: గురుకులాలకు సొంత భవనాలు, శాశ్వత ఉపాధ్యాయులు కావాలి. ఎప్పటిలోగా ఇస్తారో తేదీతో చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడిగినంత మాత్రాన మన బాధ్యత తీరదు. ఫలితాల రోజున ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడికి పూలదండ వేసి ఫొటో దిగడానికి మనలో పెద్దలు చాలామంది ముందుకొస్తారు. ఏడో తరగతిలో గురుకులం నుంచి ఇంటికొచ్చేసి, నేడు వెల్డింగ్ షాపులో పనిచేస్తున్న పిల్లవాడి ఇంటికి ఎవరు వెళ్తున్నారు? వాడిని మళ్లీ ఏదో ఒక బడిలో చేర్చడం కూడా సమాజ సేవే. మస్జిద్ కమిటీలు తమ మొహల్లాలో బడి మానేసిన పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాసుకోలేవా? జుమా రోజున ఆ లెక్క చదివి వినిపించలేవా? చందాల లెక్క పైసాతో సహా చెప్పగలిగిన మనకు పిల్లల లెక్క చెప్పడం బరువా? బిడ్డ మన చేతిలో ఉంచిన అమానత్. అమానత్‌కు శాతాల్లో జవాబు చెప్పలేము. ఒక్కొక్కరి పేరుతోనే చెప్పవలసి ఉంటుంది.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. దరఖాస్తుకు పది రూపాయల రుసుము, జవాబుకు ముప్పై రోజుల గడువు. మెదక్ జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి ఒకటి, జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి ఒకటి. రెండింటిలోనూ ఒకటే ప్రశ్న: ఐదులో చేరింది ఎందరు, పదిలో మిగిలింది ఎందరు? ప్రతి బస్తీ నుంచి ఒక తల్లో తండ్రో ఈ కాగితం మీద సంతకం పెడితే చాలు. జవాబులు చేతికొచ్చిన నాడు గురుకులమా, ఉర్దూ బడా అన్న వాదం మన ఇళ్లలో ఆధారంతో సాగుతుంది. జవాబు రాకపోతే, అడగవలసిన తర్వాతి ప్రశ్న ఏమిటో కూడా అప్పుడే తెలిసిపోతుంది.