ఒక్క పన్ను తేడా

భిలాయి టౌన్‌షిప్‌లో కారు జబ్బు తొందరగా బయటపడదు. క్వార్టర్ నుంచి సివిక్ సెంటర్‌కి, అక్కడి నుంచి మార్కెట్‌కి, మహా అయితే దుర్గ్ స్టేషన్ దాకా. చదునైన రోడ్లు, చెట్ల నీడ, నలభై దాటని వేగం. అసలు సంగతి తెలియాలంటే కారు సొంతూరి దారి పట్టాలి. 1959లో ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన తర్వాతి ఏళ్లలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలకు ఆ దారి కంఠతా వచ్చు: రాయపూర్, ధమ్తరి, కాంకేర్, జగ్దల్‌పూర్, కోరాపుట్, సాలూరు. మధ్యలో కేశ్‌కాల్ ఘాట్. టైమింగ్ బెల్టు మార్పించిన వారానికి నలుగురు మనుషులతో, నిండా సామానుతో ఆ మలుపులెక్కేటప్పుడు కారు మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. పైగా బానెట్ కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టకటకమని చప్పుడు.

తిరిగొచ్చాక అనుమానాలు మొదలవుతాయి. మొదటి ముద్దాయి పెట్రోలు. అందులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైనప్పటి నుంచి కారుకొచ్చే ప్రతి జబ్బునూ దాని నెత్తినే రుద్దుతున్నారు. మైలేజీ, పాత బళ్ల రబ్బరు గొట్టాల విషయంలో ఆ ఫిర్యాదుకు కొంత అర్థముంది. నాకింగ్ విషయంలో మాత్రం లేదు. ఇథనాల్ దాన్ని అణిచేదే తప్ప పెంచేది కాదు. రెండో ముద్దాయి ఎండ. మే నెలలో 45 డిగ్రీల దరిదాపులకు వెళ్లే ఊరిది, వేడి గాలికి నాకింగ్ ఎక్కువయ్యే మాటా నిజమే. కానీ నిరుడు ఇదే ఎండలో ఇదే కారు ఇదే ఘాట్‌ను చప్పుడు లేకుండా ఎక్కింది కదా! ఈ మధ్యలో మారింది బెల్టు ఒక్కటే. విచిత్రమేమిటంటే అందరూ ఆఖరున అనుమానించేది దాన్నే. కొత్తది, మొన్ననే వేశారు, దానికేమవుతుందని.

బెల్టుకు ఏమీ కాకపోవచ్చు. తప్పు దాన్ని ఎక్కించిన తీరులో ఉండొచ్చు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. అంబాసిడర్ కాలంలో ఈ పొత్తును గొలుసు నిలబెట్టేది, ఆ తర్వాత చాలా కార్లలో పళ్ల బెల్టు ఆ పని చేస్తోంది. క్రాంక్ వైపు పుల్లీకి 20 పళ్లున్నాయనుకుంటే ఒక్క పన్ను పక్కకు పడితే తేడా 18 డిగ్రీలు. రైలు పట్టాన్ని మిల్లీమీటరులో భాగం తేడాకు తిప్పికొట్టే ఊళ్లో ఇది ఎంత పెద్ద తప్పో విడమరిచి చెప్పనక్కర్లేదు. పాత బెల్టు తీయగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ తనంతట తనే కాస్త కదులుతుంది. టెన్షనర్ బిగించేటప్పుడు బెల్టు వదులు తప్పు వైపున ఉంటే ఇంకాస్త జరుగుతుంది. గేరేజీలో హిందీ మెకానిక్ ‘ఏక్ దాంత్’ అనేది, తెలుగింటాయన ‘పన్ను జారింది’ అనేది దీన్నే.

ఏ వైపుకు జారిందో లక్షణాలే చెబుతాయి. క్యామ్ వెనకబడితే వాల్వులు ఆలస్యంగా మూసుకుంటాయి. లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత తిరిగి బయటికి పోతుంది. కారు మందకొడిగా, బరువుగా నడుస్తుంది గానీ సాధారణంగా టకటకమనదు. క్యామ్ ముందుకు పోతే వాల్వులు త్వరగా మూసుకుని తక్కువ వేగంలో సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువ వేగంలో ఊపిరాడదు. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగినా ఇంకా అక్కడక్కడ తిరుగుతున్న మారుతి 800ల సంగతే చూడండి. వాటి కార్బరేటర్ మోడళ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేదీ క్యామ్‌షాఫ్టే. అంటే క్యామ్ ముందుకు జరిగితే నిప్పురవ్వ కూడా ముందే పడుతుంది, పైకొస్తున్న పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. చప్పుడూ నీరసమూ రెండూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది ఈ ముందుకు జరగడాన్నే. నాక్ సెన్సర్ ఉన్న కొత్త కార్లలో చప్పుడు వినగానే కంప్యూటరే రవ్వను వెనక్కి లాగుతుంది. అప్పుడు చప్పుడు తగ్గి నీరసం మిగులుతుంది. చాలా డీజిల్ ఇంజన్లలో అదే బెల్టు ఇంధన పంపునూ తిప్పుతుంది కాబట్టి అక్కడ గొడవ మరీ ఎక్కువ.

ఇక్కడే ఒక పాడు అలవాటు గురించి చెప్పాలి. చప్పుడు వినగానే కొందరు మెకానిక్‌లు మార్కులు చూడరు, డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త వెనక్కి తిప్పుతారు. టకటక ఆగుతుంది, యజమాని సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. ఇంజన్ మాత్రం మరింత నీరసించి, వేడెక్కి, ఎగ్జాస్ట్ వాల్వులను కాల్చుకుంటుంది. దీనికి తిరగేసిన పద్ధతీ ఉంది. క్యామ్ వెనకబడి కారు లాగనప్పుడు రవ్వను ముందుకు తిప్పడం. అప్పటిదాకా లేని నాకింగ్ అలా కొత్తగా వచ్చి చేరుతుంది. తర్వాత ప్లగ్గులు, ఫిల్టర్లు, ఫ్యూయల్ పంపు ఒకదాని వెంట ఒకటి మారుతూ పోతాయి.

సరైన పరీక్షకు ఖర్చేమీ లేదు, ఓపిక కావాలి. కవరు విప్పి, ప్లగ్గులు తీసి, క్రాంక్‌ను పానాతో చేత్తో దాని సహజ దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే అక్కడే ఆగాలి, వాల్వు పిస్టన్‌కు తగులుతోందేమో. రెండు చుట్ల తర్వాత పైన, కింద మార్కులు కచ్చితంగా కలవాలి. మార్కుల్లోనూ మోసముంది. చాలా ఇంజన్లలో బయటి పెద్ద పుల్లీ మీది గీత ఇగ్నిషన్ కోసం, బెల్టుకు చూడాల్సిన గుర్తు లోపలి చిన్న పుల్లీ మీద ఉంటుంది. ఒకటనుకుని ఇంకోటి పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. క్రాంక్ పుల్లీ బోల్టు బిగువు కూడా అప్పుడే చూడాలి. అది వదులైతే లోపలి కీ అరిగి టైమింగ్ రోజుకో రకంగా మారుతుంది, ఐడిల్‌లో కింద నుంచి దడదడ వినిపిస్తుంది.

మార్కులు సరిగ్గా కలిస్తేనే కంప్రెషన్ గేజ్ దాకా వెళ్లడం. అన్ని సిలిండర్లలో సమానంగా తక్కువుంటే క్యామ్ వెనకబాటును మళ్లీ అనుమానించాలి, పుల్లీయే తప్పుగా కూర్చుందేమో. ఒక్కదానిలోనే పడిపోతే ఆ వాల్వు వంగి ఉండొచ్చు. అదీ కాకపోతే పని చేసేటప్పుడు ఊడదీసి మళ్లీ తగిలించని వాక్యూమ్ గొట్టమో, తారుమారైన ప్లగ్ వైరో ఉంటుంది.

తప్పు దొరికాక బిల్లు ఎవరిదన్న పేచీ వస్తుంది. ఒక్క పన్ను సరిదిద్దడం పూట పని, నిక్కచ్చి మెకానిక్ దానికి డబ్బులడగడు. రెండు మూడు పళ్లు జారి వాల్వులు వంగితే లెక్క వేరు, సిలిండర్ హెడ్ విప్పాలి. అప్పుడు యజమాని చేతిలో ఉండాల్సినవి తేదీ, కిలోమీటర్ల రీడింగు రాసిన బిల్లు, పాత బెల్టు, కవరు విప్పగానే మార్కులను తీసిన ఫోన్ ఫోటో. ఇవుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని దుర్గ్‌లోని జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుందంటూ గేరేజీ వాళ్లు చిట్టీ ముక్క మీద రాసిచ్చేది మాత్రం అక్కడ పెద్దగా అక్కరకు రాదు.