పితామహుడూ మురుగు కాలువా

పోటీ పరీక్షలకు చదివే మా పిల్లల చేతుల్లో వొక ప్రశ్నల పుస్తకం వుంటుంది. "హైదరాబాదు నగరానికి ప్రథమ మేయరు ఎవరు?" అన్న ప్రశ్నకు ఎదురుగా "మాడపాటి హనుమంతరావు" అని జవాబు. దానికి వొక మార్కు. బేతంచెర్లలో, బి.ఏ. తరగతిలో తెలంగాణా గ్రంథాలయోద్యమాన్ని గురించి చెబుతూ నేను ఆ పేరెత్తగానే సగం తరగతి ఆ వొక్క ముక్కనూ అప్పజెప్పింది. వెనక బల్లమీది కుర్రవాడొకడు లేచాడు. వాళ్ల నాయన నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలి. "మేయరంటే ఏం పని చేస్తాడు సార్ ఆయప్ప?" అని అడిగాడు. నేను "నగరానికి ప్రథమ పౌరుడు" అన్నాను. వాడు కూర్చున్నాడు గాని, అది జవాబు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ సంగతి నేను వొక సాహిత్య మిత్రుడితో చెప్పాను. ఆయన నవ్వి, "కొళాయిలూ కాలువలూ ఇంజనీర్ల వ్యవహారం, మన పత్రికకెందుకు?" అన్నాడు. ఆ నవ్వు మీదనే నా తగవు. ఆ నవ్వు ఆయన వొక్కడిది కాదు, మన విమర్శ మొత్తానిది.

హనుమంతరావు పంతులుగారిని గురించి మనకు రెండు మాటలున్నాయి. వొక పక్షంవారు ఆయనను "ఆంధ్ర పితామహుడు" అంటారు. దండ వేస్తారు, జయంతి చేస్తారు, ఇంటికి పోతారు. రెండవ పక్షం మనది. మనం "మితవాది" అంటాం, అర్జీలు రాసుకున్న వకీలు అంటాం, పుట తిప్పేస్తాం. ఈ రెండు మాటలూ చూడటానికి ఎదురెదురుగా నిలిచినట్లుంటాయి. కాని పని వొక్కటే చేస్తాయి: మనిషి చేసిన పనిని చదవవలసిన శ్రమను తప్పిస్తాయి.

ఆ పని ఏమిటో కాస్త చూద్దాం. 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎఱ్ఱుపాలెంలో పుట్టిన ఈ మనిషి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని మేనమామల నీడన సూర్యాపేటలో పెరిగాడు. ఉర్దూ, ఫారసీ నేర్చాడు. నైజాం కొలువులో గుమాస్తాగిరీ చేసి, తరువాత వకీలయినాడు. ఉర్దూ పత్రికకు వ్యాసాలు రాశాడు, ప్రేంచంద్ కథలను తెలుగు చేశాడు, స్వయంగా కథలు రాశాడు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెన్నెముకగా నిలిచాడు. 1921 నవంబరులో, కర్వే పండితుడు అధ్యక్షత వహించిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘానికి ఇల్లూ వాకిలీ అన్నీ తానై నడిపినవాడు పంతులుగారే. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు కూడా ఆయనే.

అర్జీలు రాశాడంటాం. రాశాడు. గస్తీ నిషాన్ 53 అమలులో వున్న రాజ్యంలో సభ పెట్టుకోవటానికే సర్కారు అనుమతి కావాలి. అక్కడ అర్జీ రాయటమే వొక రాజకీయ చర్య. వెట్టిని నిషేధిస్తూ నైజాం ప్రభుత్వమే అప్పుడప్పుడు ఉత్తర్వులిచ్చి, అవి ఏ పల్లెకూ చేరకుండా తన దస్త్రాల్లోనే దాచుకొన్నది. జనసంఘం చేసిన పని ఆ ఉత్తర్వులను తెలుగులోకి తెచ్చి, చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచటం. చట్టం దొర పక్షాన వున్నదని అనుకొంటున్న కుమ్మరికి, మాదిగకు, చాకలికి "నీ పక్షాన వొక కాగితం వున్నది" అని చెప్పటం చిన్న సంగతి కాదు. 1940లలో సంఘం జెండా పట్టిన రైతు వొక్కనాటిలో ఆకాశం నుండి వూడిపడలేదు. వాడికి ముందు ఇరవై యేండ్లు ఈ కాగితాల పని జరిగింది.

1928లో హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల తెరవటం కూడా ఇటువంటి పనే. తెలుగు బోధన గల బడిని ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తించదు. పంతులుగారు పూనా దాకా పోయి కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో బడిని ముడివేశారు. అప్పటి హైదరాబాదులో ఆడపిల్ల తెలుగులో పెద్ద చదువు చదువుకోవాలంటే దారి పూనా మీదుగా పోయిందన్నమాట.

తప్పులు లేవా? వున్నాయి. పెద్ద తప్పే వున్నది. భూమి ప్రశ్న వచ్చేసరికి ఆయన కాలు ముందుకు సాగలేదు. 1944లో భువనగిరిలో, రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన మహాసభ రైతుకూలీల వైపు తిరిగినప్పుడు, పంతులుగారూ ఆయన తరంవారూ రెండవ గట్టున మిగిలిపోయారు. వెట్టి పోవాలన్నవారు, వెట్టి చేయించుకొనే దొర చేతికింద వున్న వేల ఎకరాల మాట ఎత్తలేదు. ఇది మర్యాదకోసం దాచవలసిన విషయం కాదు. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిగారికి దేశంలోకెల్లా అత్యధికమైన ఓట్లు వేసి ఆ తగవును తమవరకు తీర్చివేశారు. కాని వొక తప్పును పట్టుకొని ముప్పై యేండ్ల పనిని కొట్టివేసే విమర్శను శాస్త్రీయ విమర్శ అనటానికి నాకు నోరు రాదు.

ఇక మేయరు పదవి. 1951 నుండి 1954 దాకా ఆయన హైదరాబాదు మేయరు. ఆ నగరాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారు పథకం వేస్తే, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో లేచాయి. కాలువలు తవ్వారు, రోడ్లు వెడల్పు చేశారు. పని గొప్పది. కాని అంతా పైనుండి దిగిన పని. ఏ గల్లీ ఎప్పుడు కూలగొట్టాలో, ఏ పేటకు నీళ్లెప్పుడివ్వాలో, ఆ పేటవాడిని అడిగే ఆచారం లేదు. 1948 సెప్టెంబరు తరువాత దర్బారు పోయింది. ఉర్దూ మాట్లాడే పాతబస్తీ భయంతో తలుపులు వేసుకొని వున్నది. తెలుగుకోసం జీవితమంతా కొట్లాడిన మనిషి, ఉర్దూలో సంపాదకీయం రాయగల మనిషి, అటువంటప్పుడు బల్దియా కుర్చీలో కూర్చున్నాడు. ఇరుపక్షాల భాషా తెలిసినవాడు అక్కడ వుండటం ఆ రోజుల్లో ఎంత అవసరమో, దండలు వేసేవారెవరూ చెప్పరు.

కాని ఆ కుర్చీకి చేతులేవి? 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన రేగి, సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు చచ్చిపోయారు. జస్టిస్ పింగళి జగన్‌మోహనరెడ్డిగారు విచారణ జరిపారు. కాల్చింది మేయరు నగరంలోనే. కాల్చినవారు మాత్రం మేయరు మాట వినవలసినవారు కారు. వీధి ఆయనది, తుపాకి సర్కారుది. మా కుర్రవాడడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇదీ: మేయరు చేయగలిగిందేమిటో మేయరు నిర్ణయించడు.

దీని మూలం ఇంగ్లీషువాడి దగ్గర వున్నది. 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టంలో తెల్లదొర వొక ఉపాయం చేశాడు. చర్చించే హక్కు సభ్యులకిచ్చి, కార్యనిర్వహణాధికారమంతా సర్కారు నియమించే కమిషనరు చేతిలో పెట్టాడు. నల్లవాడు మాట్లాడవచ్చు, సంతకం మాత్రం దొరది. దొర పోయాడు. పంతులుగారు పదవి దిగిన మరుసటి సంవత్సరం, 1955లో, హైదరాబాదు కార్పొరేషన్ల చట్టం వచ్చింది. ఆ చట్టంలో కూడా కమిషనరు కమిషనరుగానే వున్నాడు. మేయరుకు మిగిలింది సభలో అధ్యక్షత, విమానాశ్రయంలో పూలగుత్తి.

ఇదే కాలంలో ప్రపంచానికి అవతలి చెంప మరో మేయరున్నాడు. అమెరికాలో మిల్వాకీ అని వొక నగరం. 1950లో జనాభా ఆరు లక్షల పైచిలుకు. న్యూయార్కు పక్కన పెడితే నడితరం వూరు. అక్కడ 1948 నుండి 1960 వరకు, అంటే అమెరికాలో ఎర్ర రంగు చూస్తేనే వులిక్కిపడే రోజుల్లో, ఫ్రాంక్ జైడ్లర్ అనే సోషలిస్టు మూడుసార్లు మేయరుగా ఎన్నికయ్యాడు. ఆయనకు ముందు 1910లో ఎమిల్ సైడెల్, 1916 నుండి 1940 దాకా డేనియల్ హోన్, ఇద్దరూ సోషలిస్టులే. మంచి నీళ్లు, మురుగు కాలువలు, పార్కులు, ఆరోగ్యశాఖ, వీటి మీదనే వాళ్లు ఓట్లు అడిగారు. వాళ్ల పార్టీలోనే న్యూయార్కు మేధావులకు ఇది నామోషీ అయింది. 1932లో మారిస్ హిల్‌క్విట్ వాళ్లను "మురుగు కాలువ సోషలిస్టులు" అని ఎద్దేవా చేశాడు. మిల్వాకీవాళ్లు ఆ తిట్టును బిరుదుగా తగిలించుకొన్నారు. కలరా, టైఫాయిడు ఎవరి పిల్లలను ముందు చంపుతాయో వాళ్లకు తెలుసు.

జైడ్లర్‌ను కూడా నేను దేవుణ్ణి చేయదలచుకోలేదు. ఆయన పేదలకు ఇళ్లు కట్టబోతే ఇళ్ల వ్యాపారులు అడ్డం పడ్డారు. 1956 ఎన్నికల్లో, దక్షిణాది నీగ్రోలను మిల్వాకీకి రమ్మని ఆయన బోర్డులు పెట్టించాడని పచ్చి అబద్ధం పుట్టించారు. గెలిచాడు గాని, 1960లో మళ్లీ నిలబడలేదు. సోషలిస్టు మేయరు వున్నంత మాత్రాన పెట్టుబడి దారి తప్పదు. అయినా అక్కడ పోట్లాట మేయరు ఏం చేశాడన్న దానిమీద జరిగింది. ఇక్కడ పోట్లాట మేయరు వున్నాడా లేడా అన్న దగ్గరే ఆగిపోయింది.

అతిశయోక్తి అనుకోకండి. అదే హైదరాబాదులో 1970 తరువాత 1986 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు. పదహారేండ్లు ప్రత్యేకాధికారులు ఏలారు. 1992లో రాజ్యాంగానికి డెబ్భై నాలుగవ సవరణ చేసి, గడువుకు ముందే ఎన్నికలు జరపాలనీ, నీళ్లూ పారిశుధ్యమూ మొదలైన పద్ధెనిమిది పనులు పురపాలక సంఘాలకు అప్పగించవచ్చుననీ రాశారు. "అప్పగించవచ్చు" అన్న ఆ మాటలోనే సగం రాజ్యాంగం కారిపోయింది. మిగతా సగం సంగతి మా కర్నూలును అడగండి. 2010లో పాలకవర్గం గడువు తీరింది. మళ్లీ ఓటు పెట్టె కనిపించింది 2021 మార్చిలో. రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు రెండుసార్లు మారాయి, నగరానికి మాత్రం మేయరు లేడు. ఈ పదేండ్లలో రాయలసీమ కవులం కరువు మీద ఎన్ని పద్యాలు రాశామో లెక్కలేదు. ఎన్నిక జరపని సర్కారు మీద వొక్క పద్యం రాసిన గుర్తు నాకు లేదు. నన్ను కూడా కలుపుకొనే అంటున్నాను.

ఎందుకిట్లా జరుగుతుంది? మన అభ్యుదయ సాహిత్యానికి రెండే స్థలాలు తెలుసు: పొలం, ఢిల్లీ. పొలంలో రైతు, ఢిల్లీలో రాజ్యం. ఈ రెంటికీ నడుమ వున్న పేట, దాని కొళాయి దగ్గర వరస, ఇంటిపన్ను బిల్లు, చెత్త బండి, పారిశుధ్య కార్మికురాలి బాకీ జీతం, వీటిని మనం రాజకీయం కింద లెక్కవేయం. వట్టికోట ఆళ్వారుస్వామిగారి "ప్రజల మనిషి"లో గ్రంథాలయమూ పత్రికా పల్లెలోకి రావటమే కథ నడిపే శక్తి. ఆయన ఆ చిన్న పనుల విలువ ఎరిగినవాడు. ఆ బాటను పట్టణంలోకి మనం నడిపించలేదు. మనం వదిలిపెట్టిన ఆ చోటును ఎవరు పట్టుకొన్నారో చెప్పనక్కరలేదు. కాంట్రాక్టరు ఎన్నడూ కాలువను నామోషీ అనుకోలేదు.

మా వూరు సంగతి చెప్పి ఆపుతాను. బేతంచెర్ల నాపరాయి ఎన్నెన్ని వూళ్ల ఇండ్లల్లోనో నేలై పరుచుకొన్నది. ఆ రాయిని పాలిష్ పట్టిన నీళ్లు తెల్లని రొంపై వూరి కాలువల్లో గడ్డకడతాయి. వానాకాలం అది ఇండ్ల ముందుకు వస్తుంది. పంచాయతీగా వున్న మా వూరు నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో మొదటిసారి వార్డు సభ్యులకు ఓట్లు వేశాం. ఓట్ల నాడు ఏ కులంవాడు ఎటు మొగ్గుతాడని లెక్కలు చెప్పినవారు మా కళాశాల ఉపాధ్యాయుల గదిలోనే పదిమంది వుండిరి. తెల్లరొంప ఎత్తించే ఖర్చు ఫ్యాక్టరీ యజమానులు పెట్టుకోవాలా, ఇంటిపన్ను కట్టేవాళ్లు పెట్టుకోవాలా అని అడిగినవాడు వొక్కడు లేడు. నేనూ అడగలేదు.

మొన్న మళ్లీ అదే తరగతికి పోయినప్పుడు ఆ కుర్రవాణ్ణి లేపి, వాడి ప్రశ్నను నల్లబల్ల మీద రాయించాను. దాని కింద ఇంకొక ప్రశ్న వాడే రాశాడు: "కమిషనర్ను ఎవరు పెట్టినారు?" పాఠం ఆనాటికి అక్కడినుండి మొదలుపెట్టాము.