ఏసీ నీళ్లు విషమూ కాదు, తీర్థమూ కాదు

మా అనంతపురంలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ట్యాంకరు ముందు బిందెలు వరసపెట్టే మనమే ఏసీ పైపు నీళ్లను గోడ పాలు చేస్తున్నాం!

"ఛీ, గ్యాసు నీళ్లు" అంటుంది పక్కింటి వదిన. గ్యాసు గొట్టాల్లోనే తిరుగుతుంది వదినా! కారేది గాలిలోని తేమ, చల్లటి చెంబుకు పట్టే చెమట లాంటిదే.

"ఫ్లోరైడు ఉండదుగా, తాగొచ్చు" అంటుంది ఎదురింటి అక్క. అస్సలొద్దు! లోపలి దుమ్ము, బూజు, క్రిములు, లోహాల జాడలు అందులో కలుస్తాయి. కాచినా లోహం పోదు. వంటకూ వద్దు.

ఇల్లు తుడవండి, బాత్రూములో పోయండి, పూలమొక్కలకు పెట్టండి. దోమలు చేరకముందే ఏ రోజువి ఆ రోజే వాడేయండి.

ఎండాకాలపు పొడిగాలికి కొన్ని నీళ్లే రావచ్చు. అయితేనేం? బిందె మోసే నడుము మనదే కదా!