గురుపూజాదినమున మఱచిన గురువు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మన పాఠశాలలలో జరుగు నుత్సవము నెఱుగనివారు లేరు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పటమునకు పూలమాల వేయుదురు. ఉపాధ్యాయులకు శాలువలు కప్పుదురు. గురువు త్రిమూర్తిస్వరూపమని యారంభించి యుపన్యాసకులు గంటసేపు మాటలాడుదురు. 1962 మొదలు ఈ యాచారము నడచుచున్నది. పటమటలో ఇరువదియేండ్లుగా ఉపాధ్యాయవృత్తి సాగించుచున్న మేమును అట్టి యుపన్యాసములు పెక్కు వింటిమి, కొన్ని చేసితిమి. కాని యా రాధాకృష్ణునకు తత్త్వశాస్త్రము చెప్పిన గురువెవరు, ఆ గురుశిష్యుల నడుమ నేమి జరిగెను అను ప్రశ్న ఒక్క సభలోనైనను మాకు వినబడలేదు. దీనిని మఱపని మేము తలపము. ఆ కథ చెప్పుట మనకు సౌకర్యముగా నుండదు. చెప్పినచో శాలువ కప్పించుకొన్న మనమే ముందుగా తలవంచుకొనవలసి వచ్చును.

ఆ గురువు పేరు ఆల్‌ఫ్రెడ్ జార్జి హాగ్. 1875లో మిషనరీల కుటుంబమున జన్మించి, ఎడింబరోలో విద్య నభ్యసించెను. ఆ దశలోనే తన మతమును గూర్చి తీవ్రమైన సంశయమునకు లోనై, దానిని దాచక, తర్కముతో నెదుర్కొని నిలిచినవాడు. 1903లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు తత్త్వశాస్త్రోపాధ్యాయుడుగా వచ్చి, 1928 మొదలు 1938 వఱకు దానికి ప్రధానాధ్యాపకుడుగా నుండి, 1954లో మరణించెను. ఆ కళాశాల తెలుగువారికి పరాయిది కాదు. బందరున జన్మించిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు హాగ్ రాకకు పూర్వమే అచ్చట విలియం మిల్లరు దొరకు శిష్యులై, క్రైస్తవులు గాక బ్రహ్మసమాజమున నిలిచి, మన దేశమున సంఘసంస్కరణమునకు మూలస్తంభమైరి. తెలుగు కుటుంబమున తిరుత్తణిలో జనించిన రాధాకృష్ణుడు హాగ్ కాలమున అచ్చట చదివెను.

ఇప్పుడు సంగతి వినుడు. ఆనాటి మిషనరీ బోధకులు వేదాంతమును గూర్చి తఱచుగా చేయు ఆక్షేపణ యొకటి కలదు. జగత్తు మిథ్య యనువారికి ఈ జగత్తులో ధర్మమెందుకు, సమస్తమును పూర్వకర్మఫలమే యైనచో మంచిచెడ్డల భారము ఎవరిమీద, కావున వేదాంతమున నీతికి తావు లేదు అని వారి వాదము. తరగతిలో ఈ మాటలు వినుచున్న హిందూ బాలునకు మనస్సు నొచ్చుట సహజము. రాధాకృష్ణునకును నొచ్చెను, ఆ విమర్శయే తన్ను స్వమతగ్రంథముల పరిశీలనకు పురికొల్పెనని యాయన తరువాత వ్రాసికొన్నారు. అయితే ఆ నొప్పిని ఆయన తిట్టుగా మార్చలేదు. 1908లో ఎం.ఏ. పట్టమునకై వేదాంతమున నీతికి గల స్థానమును, దానికాధారమైన తత్త్వమును నిరూపించుచు ఆంగ్లమున నొక సిద్ధాంతవ్యాసము వ్రాసెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేండ్లు. ఆ వ్యాసము ఎవరి వాదమును ఖండించుచున్నదో ఆ పక్షమువారి కళాశాలలోనే దానిని సమర్పింపవలసి యుండెను.

హాగ్ ఆ వ్యాసమును చదివెను. శిష్యుని తత్త్వావగాహనను, క్లిష్టమైన వాదమును సులువుగా నడపిన నేర్పును, ఆంగ్లభాషాధికారమును మెచ్చుకొని ప్రశంసాపత్ర మిచ్చెను. ఆ పత్రమును రాధాకృష్ణుడు వృద్ధి పొందిన పిదపను గర్వముతో స్మరించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 మొదలు 1936 వఱకు ఉపాధ్యక్షుడై, ఆక్స్‌ఫర్డున ఆచార్యుడై, 1962లో రాష్ట్రపతి యైన మహనీయుని జీవితమునకు ఆ కాగితము తొలిమెట్టులలో నొకటి. హాగ్ మాత్రము శిష్యుని మతము స్వీకరింపలేదు. క్రైస్తవుడుగా వచ్చెను, క్రైస్తవుడుగానే పోయెను. నీ సిద్ధాంతము నాకు సమ్మతము కాదు, నీ వాదము బలమైనది అను రెండు మాటలు ఏకకాలమున చెప్పగలిగినవాడే గురువని మా పక్షము.

దీనిపై మొదటి యాక్షేపణ మాకు తెలియును. మిషనరీ కళాశాలల తత్త్వశాస్త్రము మతాంతరీకరణమునకు వేసిన యెఱ గదా, అందొక యెఱను మీరేల పొగడెదరు అందురు. కళాశాల స్థాపకుల యుద్దేశము మతప్రచార మనుట సత్యమే. వారును దానిని దాచలేదు. బందరులో నోబిలు దొర 1843లో స్థాపించిన పాఠశాలనుండి 1852లో ఇద్దఱు విద్యార్థులు క్రైస్తవులు కాగా బడి దాదాపుగా ఖాళీ యయ్యెను. తల్లిదండ్రుల భయము నిష్కారణమని మేమనము. కాని యెఱ వేయువాడు చేప కొఱికిన గాలమును మెచ్చుకొనునా, త్రెంచుకొని పోయిన చేపను మెచ్చుకొనునా? త్రెంచుకొని పోయినవానికి ప్రశంసాపత్ర మిచ్చినవానిని మిషనరీ యను నొక్క పేరుతో కొట్టివేయుట న్యాయము కాదు.

మఱియు హాగ్ ఎదిరి పక్షముపట్ల మాత్రమే న్యాయము చూపెననుకొనరాదు. తనవారిపట్లను నిర్దాక్షిణ్యముగా విచారించెను. 1904, 1905 సంవత్సరములలో కళాశాల పత్రికలో వ్రాసి, 1909లో కర్మము, విమోచనము అను విషయముపై గ్రంథముగా ప్రకటించిన వ్యాసములలో ఆయన చేసిన పని యిది. కర్మసిద్ధాంతము సోమరుల విధివాదమనుచు తోడి మిషనరీలు చేయు తేలిక నింద నాయన అంగీకరింపలేదు. అది నీతిని గట్టిగా పట్టుకొన్న సిద్ధాంతమనియు, విశ్వమంతయు న్యాయస్థానమువలె నడచునని దాని భావమనియు గ్రహించెను. అటుపిమ్మట తన భేదమును చెప్పెను: ప్రతి బాధయు తన ఋణము తీర్చుటయే యైనచో, ఒరులకొఱకు నిరపరాధి బాధపడుటకు విలువ యేమి? లోకమునకు న్యాయస్థానముకంటె నున్నతమైన ధర్మము కలదని యాయన నమ్మకము. అంతటితో నాగక, క్రీస్తు మనుష్యుల శిక్షను బదులుగా ననుభవించెనను తమవారి ప్రచారసిద్ధాంతముకూడ ఆ న్యాయస్థానపు లెక్కయే యని దానిని త్రోసివేసెను. ఎదుటివాని కర్మసిద్ధాంతమును అద్దముగా పట్టుకొని తన యింటి గోడమీది పగులును చూచుకొన్నవాడు హాగ్.

1938 డిసెంబరులో తాంబరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. కళాశాల అంతకు ముందటి సంవత్సరమే అచ్చటికి తరలియుండెను. ఆ సభకొఱకు హెండ్రిక్ క్రేమరు అను డచ్చి పండితుడు పెద్ద గ్రంథము వ్రాసి, క్రీస్తునందలి దైవప్రకటనము వేఱు, ఇతర మతములు మానవుని ప్రయత్నములు మాత్రమే యని గీత గీచెను. మద్రాసులో ముప్పదియైదేండ్లు హిందూ శిష్యుల నడుమ గడపిన హాగ్ దానిని ఎదిరించెను. క్రైస్తవేతరుల విశ్వాసములోను దేవునితో నిజమైన జీవము కలదనియు, దేవుడు వారితోను మాటలాడుచున్నాడనియు, దానిని గౌరవింపనివాడు వారికి బోధింప నర్హుడు కాడనియు ఆయన వాదము. సొంత సభలో సొంతవారి నెదిరించుటకు ఎంత ధైర్యము కావలెనో మన కులసంఘములలో, దేవాలయ సంఘములలో నోరు మెదపలేకున్న మనము ఎఱుగుదుము.

రెండవ యాక్షేపణ మా పొరుగునుండియే వచ్చును. గోరాగారి నాస్తిక కేంద్రము 1947 నుండి మా పటమటలోనే యున్నది. అచ్చటి మిత్రులు మమ్ముజూచి, మతమును నమ్మినవాడు తత్త్వవేత్త యెట్లగును, ముందుగానే సమాధానము జేబులో పెట్టుకొని ప్రశ్న అడుగువాడు విచారకుడా అని నవ్వుదురు. ప్రశ్న తేలికది కాదు. అయినను ప్రమాణములమీద విశ్వాసముంచి విచారించిన శంకరాచార్యులను తత్త్వవేత్తల పట్టికనుండి తొలగించుటకు మేము సిద్ధముగా లేము. విశ్వాస ముండుట దోషము కాదు. విశ్వాసమునకు విరుద్ధమైన యుక్తిని విద్యార్థికి కనబడకుండ చేయుట దోషము. ఈ దోషమునకు ఫలమేమో గోరాగారి జీవితమే చెప్పును. వృక్షశాస్త్ర బోధకులైన ఆయన 1933లో కాకినాడలోను, తరువాత బందరులోను నాస్తికభావములు ప్రకటించిన కారణమున ఉద్యోగము కోల్పోయిరి. ఒక క్రైస్తవుడు తన్ను ఖండించిన హిందువునకు ప్రశంసాపత్రమిచ్చిన ఇరువదియైదేండ్లకు, మన తెలుగుదేశమున దేవుని నమ్మని అధ్యాపకునకు చెట్టుచేమల పాఠము చెప్పుటకును అర్హత లేకపోయెను! హాగ్ న్యాయము నమ్మినవానికెంత చెల్లునో నమ్మనివానికిని అంతే చెల్లవలెను.

మూడవవారు నేటి విద్యావేత్తలు. ఉపాధ్యాయునకు ఏ యభిప్రాయమును ఉండరాదు, పుస్తకములో నున్నది చెప్పి తప్పుకొనవలెను అని వీరి మతము. ఇది వినుటకు నిష్పక్షపాతమువలె నుండును. పరీక్షించి చూడగా, అభిప్రాయము లేని గురువును ఖండించుట విద్యార్థికి సాధ్యము కాదు. గోడ లేనిచో బంతి తిరిగి రాదు. హాగ్ తన విశ్వాసమును స్పష్టముగా పలుకుటచేతనే రాధాకృష్ణునకు ఎదిరింప నొక వాదము దొరకెను.

ఈ రీతి విదేశీయమని యెవరైన ననుకొన్నచో వారు మన శాస్త్రములను తెఱచి చూడలేదన్నమాట. పూర్వపక్షమును దాని పూర్ణబలముతో చెప్పక సిద్ధాంతము చెప్పరాదనుట మన తర్కమీమాంసల నియమము. పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహమును దేవుని, పరలోకమును కాదను చార్వాకునితో ఆరంభించెను. ఎదిరివాని మాటకు తొలిస్థాన మిచ్చిన ఆ మర్యాదను ఒక స్కాచి కుటుంబపు క్రైస్తవుడు మద్రాసులో పాటించెను. దానిని పుట్టుకతో పొందిన మనము పాఠశాలలో పాతిపెట్టితిమి.

మనము అను మాట ఊరక వ్రాయలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, సింగునగరు మొదలగు పేటలు నీట మునిగినవి. గురుపూజాదినము నాటికి జనులు మేడలమీద పాలపొట్లములకు చేతులు చాచుచుండిరి. బడులు తెఱచిన పిదప మేము పదవ తరగతివారికి కర్మసిద్ధాంతమును సమర్థించుచు వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. ఒక బాలిక ఇట్లు వ్రాసెను: మా అమ్మమ్మ మూడు దినములు మంచినీరు లేక మిద్దెమీద నుండినది. ఎవరి కర్మ వారనుభవింపవలెను అని బంధువొకరు అన్నారు. అది నిజమైనచో, నాలుగవ దినమున పడవ తెచ్చి ఆమెను దించినవాడు పుణ్యము చేసెనా, లేక కర్మకు అడ్డుపడెనా?

మేము ఎఱ్ఱసిరాతో 'అడిగినది ఇది కాదు' అని వ్రాసి, పదింట నాలుగు మార్కులు వేసితిమి.

ఆ బాలిక ఎదుట హాగ్ కూర్చుండియున్నచో, ఇది నా ప్రశ్నయే గదా యని సంతోషించియుండును. పడవవాని శ్రమ ఏ ఋణపు లెక్కలోను ఇముడదని చెప్పియుండును. రాధాకృష్ణుడు కూర్చుండియున్నచో, 1926లో ఆంగ్లదేశమున చేసిన యుపన్యాసములలో వలె, చేతికి వచ్చిన పేకముక్కలు మనము కోరుకొన్నవి కావు, ఆట మాత్రము మనదే యని చెప్పి, పడవ తెచ్చుటయే ఆట యనియుండును. సమాధానములు వేఱైనను ఇద్దఱును ఆమెకు నిండు మార్కులు వేసియుందురు. వారి గ్రంథములు చదివి, సంస్కృతాంగ్లములలో పట్టములు పొందిన మేమే నాలుగు వేసితిమి. ఆమె తప్పు వ్రాయుటచేత కాదు. మాకు అప్పటికి సమాధానము తోచకపోవుటచేత. ఆ పిమ్మట నెలదినములు ఆమె తరగతిలో ప్రశ్న అడుగలేదు. తెల్లకాగితముపై కొత్తగా మార్కులు వేసి, మా పొరపాటును తరగతి యెదుట చెప్పిన తరువాతనే మరల చేయి పైకెత్తెను.

కావున తోడి ఉపాధ్యాయులకు మా మనవి యిది. శాలువలు మానుడని మేము చెప్పము. వచ్చు సెప్టెంబరు 5వ తేదీన మీ తరగతిలో మీరు గట్టిగా నమ్మిన యొక మాటను బల్లమీద వ్రాసి, దీనిని ఖండింపుడని విద్యార్థులకు చెప్పుడు. బాగుగ ఖండించినవానికి అందఱి యెదుట నిండు మార్కులు వేయుడు. మీ నమ్మకమును విడువ నక్కఱలేదు, హాగ్ విడువలేదు. ఆ ఖండనము చదువునపుడు మీ మనస్సున కలుగు పోటును సహించి, చేతిలోని కలమును తిన్నగా నడుపగలిగినచో, ఆ సాయంకాలము వేయు పూలమాలకు మీరును అర్హులగుదురు.