గిటారు మాస్టారిని ఎంచుకోవడం ఎలా?

పిల్లలూ!

ఈ నెల మామయ్యకు వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని మాత్రం పక్కన తీసి పెట్టుకున్నాను. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. పేరు వెయ్యవద్దని కోరింది కనక వెయ్యటంలేదు. ఉత్తరం ఇది:

“మామయ్యా! మా నాన్న పండుగ బోనసు డబ్బుతో నాకు గిటారు కొన్నాడు. మాస్టారి దగ్గర చేరి రెండు నెలలయింది. ఆయన వాయిస్తుంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి వింటారు. నేను వాయిస్తే తీగ బర్రుమంటుంది. వేలి కొనలు మండుతున్నాయి. ‘నీ వేళ్లకు ఇది రాదులే’ అని మొన్న అందరి ముందూ అన్నారు. నాకు సంగీతం రాదేమో! మానేద్దామంటే నాన్నతో ఎలా చెప్పను? ఆ డబ్బుతో ఆయన తనకు చెప్పులైనా కొనుక్కోలేదు.”

అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు సంగీతం వస్తుందో రాదో ఈ రెండు నెలల్లో ఎవరూ పరీక్షించనే లేదు. అంతకన్న ముందు పరీక్షించవలసినవి మూడున్నాయి. ఒకటి నీ గిటారు, రెండు నీ చెయ్యి, మూడు నీ మాస్టారు. ఈ మూడూ చూసిన తరువాతనే నిన్ను గురించి ఆలోచించాలి.

మొదట గిటారు సంగతి. గిటారుకు ఆరు తీగలుంటాయి. మెడ పొడుగునా, వీణకు ఉన్నట్టే, మెట్లు ఉంటాయి. పెద్దవాళ్ల గిటారు పిల్లల చేతికి పెద్దదవుతుంది. అందుచేతనే సగం సైజు, ముప్పాతిక సైజు గిటార్లు కూడా తయారుచేస్తారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, గిటారును ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేతిని మొదటి మెట్టు దాకా చాచు. మోచెయ్యి ఇంకా కాస్త వంగి ఉంటే సైజు సరిపోయినట్టే. చెయ్యి కర్రలాగా చాచవలసివస్తే, లేక భుజం పైకి లేస్తే, ఆ గిటారు నీకు పెద్దది.

తరువాత తీగలు చూడు. నైలాను తీగలు వేళ్లకు మెత్తగా ఉంటాయి. ఉక్కు తీగలు బిగువుగా ఉంటాయి, ఎక్కువ నొక్కవలసివస్తుంది. ఇక తీగల ఎత్తు. స్కేలు తీసుకుని పన్నెండో మెట్టు దగ్గర మెట్టుకూ తీగకూ మధ్య ఎంత ఖాళీ ఉన్నదో కొలువు. ఉక్కు తీగలైతే సుమారు 2, 3 మిల్లీమీటర్లు ఉంటుంది. నైలాను తీగలైతే 3, 4. నీ గిటారుకు 5, 6 మిల్లీమీటర్లు ఉంటే, నీ వేళ్లు మండటంలో వింతేమీ లేదు. పెద్దవాళ్ల వేళ్లు కూడా మండుతాయి. వాద్యాలు బాగుచేసేవాడు దాన్ని కిందికి దించగలడు. కొత్త గిటారు కొననక్కరలేదు. కాని ఒక జాగ్రత్త: నైలాను తీగల కోసం చేసిన గిటారుకు ఉక్కు తీగలు బిగించకూడదు. ఆ లాగుడుకు దాని చెక్క తట్టుకోలేదు.

ఇప్పుడు చెయ్యి సంగతి. ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేద్దాం. తీగ పొడుగు సగానికి తగ్గితే, అది కంపించే వేగం రెండింతలవుతుంది. పన్నెండో మెట్టు సరిగ్గా తీగకు సగంలో ఉంటుంది. పైనుంచి రెండో లావు తీగ ఊరికే మీటితే సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే 220 సార్లు కంపిస్తుంది. మొదటిది ‘స’ అనుకుంటే రెండోది పై ‘స’ అన్నమాట. చూశారా, మెట్లంటే తీగ పొడుగు కొలిచే గీతలే!

అంటే తీగను ఆపేది వేలు కాదు, లోహపు మెట్టు. వేలు తీగను మెట్టుకు ఆనిస్తుంది, అంతే. వేలిని మెట్టుకు ఆనుకుని, కాస్త వెనకగా పెట్టి నొక్కు. స్వరం తేటగా పలుకుతుంది. అదే వేలిని రెండు మెట్లకూ నడుమ పెట్టి అంతే బలంతో నొక్కు. తీగ మెట్టుకు గట్టిగా ఆనక బర్రుమంటుంది. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? ఇంకా గట్టిగా నొక్కుతారు, వేలు మండుతుంది. బలం పెంచటం కాదు, చోటు మార్చటం కావాలి. బియ్యపు గింజ పొడుగంత వేలు జరిపితే పోయే బాధ ఇది!

కొత్తగా నేర్చుకునే వాళ్లకు వేలి కొనలు మొదట కొన్నివారాలు నొప్పి పుట్టటం సహజమే. చర్మం గట్టిపడగానే తగ్గిపోతుంది. రోజూ పదిహేను నిమిషాలు వాయిస్తే చాలు. ఆదివారం నాడు రెండు గంటలు కూర్చోవటం కన్న అది మంచిది. కాని మణికట్టు నొప్పి, ముంజేతి నొప్పి, చెయ్యి తిమ్మిరెక్కటం సహజం కాదు. అవి వస్తే వెంటనే ఆపి పెద్దవాళ్లతో చెప్పాలి.

మంచి మాస్టారు ఈ రెండు పరీక్షలూ మొదటిరోజే చేస్తాడు. నువ్వు మీటటానికి ముందే నీ గిటారు చూస్తాడు, మీటగానే నీ వేలు చూస్తాడు. రెండు నెలలయినా నీ మాస్టారు చూడలేదంటే, ఆయన వాయించటంలో ఎంత గొప్పవాడైనా, నీకు పాఠం చెప్పటం ఇంకా ప్రారంభించలేదన్నమాట.

“అంత బాగా వాయించేవాడు మంచి గురువు కాకపోవటమేమిటి?” అని మీరు అడగవచ్చు. దీనికొక నిజమైన కథ చెబుతాను, వినండి.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. వాళ్ల నాన్న సత్యనారాయణ గారికి మాండలిన్ ఉండేది. అయిదారేళ్ల వయసులో పిల్లవాడు దాన్ని తీసి వాయించసాగాడు. తండ్రి కోప్పడలేదు, కొడుకుకు కొత్త మాండలిన్ కొనిపెట్టి, తనకు తెలిసినంత నేర్పాడు. తరువాత తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి పిల్లవాణ్ణి అప్పగించాడు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడే ఉన్నది విశేషం: ఆయనకు మాండలిన్ వాయించటం రాదు! మరి పాఠం ఎలా చెప్పారు? ఆయన పాడేవారు. పాడినదాన్ని పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవంలో, తొమ్మిదేళ్ల శ్రీనివాస్ కచేరీ చేశాడు. తరువాత ప్రపంచమంతా ఆయన్ను ‘మాండలిన్ శ్రీనివాస్’ అన్నది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, నలభై అయిదేళ్లకే చనిపోయాడు.

మరి మాండలిన్ రాని గురువు దగ్గర మాండలిన్ ఎలా వచ్చింది? వేలు ఎక్కడ పెట్టాలో శ్రీనివాస్‌కు అప్పటికే తండ్రి దగ్గర అలవాటయింది. ఇక కావలసింది పాడి చూపి, పిల్లవాడు పలికించినదాన్ని చెవిపెట్టి వినే గురువు. తన విద్య చూపించుకునే గురువు కాదు. ఐతే ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు వేలు చూసేవాడు కూడా తప్పక కావాలి. చూడటం, వినటం, ఈ రెండూ ఉన్నవాడే కొత్తవాళ్లకు తగిన గురువు.

“అసలు గురువే లేకుండా నేర్చుకోకూడదా?” అని కొందరు అంటారు. స్పెయిన్ దేశపు మహావాద్యకారుడు ఆంద్రేస్ సెగోవియా తనకు తానే గురువునూ శిష్యుణ్ణీ అని చెప్పుకున్నాడు. కాని అంత పట్టుదల అందరికీ ఉండదు. ఈ రోజుల్లో ఫోనులో పాఠాల వీడియోలు ఎన్నో దొరుకుతాయి. వాటిని చూడండి, తప్పులేదు. కాని వీడియోను మీరు చూస్తారే గాని, వీడియో మిమ్మల్ని చూడదు. మీ వేలు తప్పుచోట ఉంటే అది చెప్పదు. మాస్టారు ఎదురుగా కనిపించే వీడియో పాఠమైతే కొంత నయం. ఐనా శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది కనక, ఇద్దరూ కలిసి ఒకే తాళంలో వాయించటం కష్టం.

ఇక మాస్టారిని వెతికే పద్ధతి చెబుతాను. అమ్మానాన్నలు కూడా దగ్గర కూర్చుని వినాలి.

మొట్టమొదట, మీకు ఏ గిటారు కావాలో తెలుసుకోండి. పాటకు తోడుగా మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి మోగించే పద్ధతి ఒకటి. వేళ్లతో మీటుతూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించేది మరొకటి. విద్యుత్తుతో మోగేది ఇంకొకటి. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జార్చి వాయించేదీ ఉన్నది. అటువంటి వాద్యం మీదనే పండిట్ విశ్వమోహన్ భట్ హిందూస్తానీ రాగాలు వాయించి 1994లో గ్రామీ బహుమతి పొందారు. ఒకదానిలో నేర్పరి అయిన మాస్టారికి మరొకటి రాకపోవచ్చు. అడిగి తెలుసుకోవటం తప్పు కాదు.

రెండోది, చేరకముందు ఒక పాఠం చూస్తామని అడగండి. నాన్నగారు గడియారం పెట్టుకుని ఒక మూల కూర్చోవాలి. అరగంట పాఠంలో శిష్యుడి గిటారు ఎన్ని నిమిషాలు మోగింది, మాస్టారి గిటారు ఎన్ని నిమిషాలు మోగింది, లెక్కవెయ్యాలి. మాస్టారి గిటారే ఎక్కువ మోగితే అది కచేరీ, పాఠం కాదు. కచేరీకి ఒక్కసారి టిక్కెట్టు కొంటే చాలు, నెలనెలా జీతం కట్టనక్కరలేదు గదా!

మూడోది, తప్పు వచ్చినప్పుడు ఏం జరుగుతున్నదో చూడండి. “తప్పు, మళ్ళీ వాయించు” అనేవాడు ఒకడు. “నీ మూడో వేలు పక్క తీగకు తగులుతున్నది, కాస్త నిలబెట్టు” అనేవాడు మరొకడు. మొదటివాడు తప్పును చూపాడు, రెండోవాడు దారి చూపాడు. ఎగతాళి చేసేవాడు ఏదీ చూపలేదు.

నాలుగోది, మొదటి నెలలోనే శ్రుతి చేసుకోవటం నేర్పుతాడా అని అడగండి. అన్నిటికన్న లావు తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కితే పలికే స్వరమే పక్క తీగ స్వరం. అలా వరసగా సరిచూసుకుంటూ పోవచ్చు. మూడో తీగ నుంచి రెండో తీగను సరిచూసేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు. ఇప్పుడు ఫోను కూడా శ్రుతి చెబుతుంది. కాని చెవికి నేర్పితేనే, శ్రుతి తప్పిన సంగతి మీకు తెలిసేది.

అయిదోది పెద్దవాళ్లకు. పిల్లల పాఠం జరుగుతున్నంతసేపూ గది తలుపు తీసి ఉండాలి. అమ్మగాని నాన్నగాని ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చునని మాస్టారు చెప్పాలి. వద్దనేవారి దగ్గర చేర్చవద్దు. సంవత్సరం జీతం ముందే కట్టవద్దు. ఒక నెల చూసి నిర్ణయించుకోండి. పరీక్షలు రాయించాలనుంటే అదీ ముందే మాట్లాడుకోండి. ట్రినిటీ కాలేజీ లండన్ వంటి సంస్థలు మన దేశంలోనూ ఎనిమిది గ్రేడ్ల దాకా గిటారు పరీక్షలు పెడుతున్నాయి. కాని పరీక్షలు లేకుండా పాటలు వాయించుకుంటూ సంతోషించటం కూడా విద్యే.

ఇప్పుడు మళ్ళీ నీ దగ్గరికి వస్తాను, అమ్మాయీ.

ఈ రాత్రి నాన్న దగ్గర కూర్చుని స్కేలుతో తీగల ఎత్తు కొలవండి. నేను చెప్పినట్టు వేలు జరిపి మీటి చూడు. తరువాత పాఠానికి నాన్న కూడా రానీ. మాస్టారితో మర్యాదగా, “అయ్యా, అమ్మాయి వేలు ఎక్కడ పొరపాటు పడుతున్నదో కాస్త చూసి చెబుతారా?” అని అడగమను. ఆయన దగ్గరికి వచ్చి చూస్తే, చాలా మంచిది. ఆ ఒక్క మాటకోసమే ఆయన ఎదురుచూస్తూ ఉండి ఉండవచ్చు. చూడకుండా మళ్ళీ “రాదులే” అంటే, నమస్కారం పెట్టి, ఇవ్వవలసిన జీతం ఇచ్చి, మరొకరిని వెతుక్కోండి. అది గురుద్రోహం కాదు.

నాన్నతో ఎలా చెప్పాలా అని భయపడవద్దు. ఆయన చెప్పులు మానుకుని కొన్నది గిటారు కాదు, నీ సంతోషం. అది నీకు అందటంలేదని ఆయనకు తెలియకపోతే, ఆ డబ్బు నిజంగా వృథా అయినట్టే. తెలిస్తే దానికి ఉపాయం ఆయనే వెతుకుతాడు. ఈ ఉత్తరం నాకు రాశావు, చాలా మంచి పని చేశావు. కాని అది ముందుగా ఆయన చదవవలసిన ఉత్తరం.

మిగతా పిల్లలకు ఈ నెల పని ఇది: మీరు నేర్చుకునేది వయొలిన్ కావచ్చు, నాట్యం కావచ్చు, లెక్కలు కావచ్చు. మీ గురువు మీ తప్పును ఏ మాటలతో దిద్దారో వారంపాటు రాసిపెట్టుకోండి. మీకు దారి చూపిన మాట ఒకటైనా దొరికితే, ఆ గురువుగారి దగ్గరికి వెళ్లి కృతజ్ఞత చెప్పండి. ఆ మాట మామయ్యకు కూడా రాసి పంపండి.

అమ్మాయీ, తీగల ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో రాయటం మరిచిపోకు!

మీ
మామయ్య