డీజే దింపండి, పాట ఎత్తుకోండి

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు, ఒక జిల్లా కేంద్రంలోని కాలనీ. బతుకమ్మలను గుడి ముందు దించి ఆడవాళ్లు చుట్టూ చేరారు. డెబ్బై దాటిన పెద్దమ్మ ఒకామె పాట ఎత్తుకుంది. నాలుగు వరసలు కూడా కాలేదు, వెనక ట్రాలీ ఆటో మీద పేర్చిన డబ్బాల్లోంచి రీమిక్స్ అందుకుంది. ఆమె పెదాలు ఆడుతూనే ఉన్నాయి; పక్కనున్న కోడలికి కూడా మాట వినపడలేదు. "జర సౌండ్ తగ్గియ్యి బిడ్డా" అని ఎవరో వెళ్లి బతిమాలితే, మిషన్ దగ్గరున్న పిలగాడు "కమిటీ అన్నలను అడుగు అక్కా" అన్నాడు. ఆ కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. ఆడవాళ్ల పండుగ, ఆడవాళ్లు పేర్చిన పూలు. పాట మాత్రం కిరాయికి తెచ్చింది.

కాలనీ పేరు చెప్పనక్కర లేదు. చదివేవాళ్లు తమ కాలనీ పేరే వేసుకోవచ్చు.

బతుకమ్మ ఆట నడిచేదే పాట మీద. ఒకామె ఒక వరస అంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. వరస చివర ఉయ్యాలో అనో, కోల్ అనో, చందమామ అనో వచ్చే మాట దగ్గర అందరి గొంతులూ కలుస్తాయి. ముందుకు వంగి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో, అడుగు పక్కకు ఎప్పుడు వేయాలో ఆ మాటే చెబుతుంది. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ అడుగు మెల్లగా పడితే పాటా మెల్లగానే సాగుతుంది. పట్టులంగా వేసుకున్న పిల్ల మొదటి ఏడు చివరి మాట ఒక్కటే పట్టుకుంటుంది, రెండో ఏడు సగం వరస, ఆ తర్వాత కథంతా. తల్లిగారింటి తలపులు, అత్తింటి కష్టాలు, అన్నాచెల్లెళ్ల కథలు, గౌరమ్మ కథ అన్నీ ఇట్లాగే ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వచ్చాయి. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు; అలిగిన బతుకమ్మ నాడు ఆట లేకపోయినా మిగిలిన ఎనిమిది సాయంత్రాలు ఫీజు లేని బడి.

డీజేకు ముసలమ్మ మోకాళ్లతో పని లేదు. దాని వేగం దానిదే. అందుకే మొదట ముసలివాళ్లు పక్కకు జరిగి కుర్చీలు వెతుక్కుంటారు, తర్వాత చంటిపిల్లల తల్లులు చెవులు మూసుకుని ఇంటి దారి పడతారు. మిగిలినవాళ్లు సినిమా స్టెప్పులు వేస్తారు. పాట తెలిసినవాళ్లే వెళ్లిపోయాక ఇక నేర్పేదెవరు?

ఇంత మెత్తగా చెబితే లాభం లేదు. ఇది దోపిడీ. ఈ నేల మీద జనం కలిసి పాడినప్పుడల్లా దొరలకు కంటిమీద కునుకు లేదు. గరిమెళ్ల సత్యనారాయణను 1922లో తెల్లవాళ్లు జైల్లో పెట్టింది పాట కట్టినందుకు. ఆ పాట వీధివీధినా జనం నోట ఉంది గనక. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి, సుద్దాల హనుమంతు కట్టిన పాటలు ఏ డబ్బాలూ లేకుండానే ఊళ్లు దాటాయి. 2002లో కామారెడ్డిలో ధూంధాం ఆటపాటల సభ మొదలైంది మొదలు తెలంగాణ ఉద్యమాన్ని మోసింది జనం గొంతులే. ధర్నా శిబిరాల్లో, నడిరోడ్ల మీద ఆడవాళ్లు బతుకమ్మ ఆడి నిరసన తెలిపారు. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. తీరా ఇప్పుడు పెద్దమ్మ గొంతు నొక్కుతున్నది ఏ దొరా కాదు, చందా రసీదులు పట్టుకుని తిరిగే సొంత కాలనీ కమిటీ!

పైన సర్కారువాళ్లూ తక్కువ తినలేదు. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ పేర్చి గిన్నిస్‌కెక్కించారు. ఎత్తు కొలవడానికి టేపు ఉంది. ఊళ్లో ఎందరికి ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చో కొలిచే టేపే లేదు.

చట్టం చెవిటిదేమీ కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్ బంద్. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి దాకానే, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కుదరదు. 2024 అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఉత్తర్వులిచ్చారు. కాలనీ కమిటీలకు అది పేపర్లో చదివి పక్కన పడేసే వార్త.

"అందరికీ పాడటం రాదు కదా" అంటారు. 2008 మేలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్ష మందికి పైగా జనం కూడి అన్నమయ్య కీర్తనలు ఒక్క గొంతుతో పాడారు. వాళ్లంతా కచేరీ విద్వాంసులా? ముందే నేర్చుకుని వచ్చారు, అంతే. డీజే లేకపోతే పిల్లలు రారన్నది ఉత్త మాట. పిలిచి పక్కన నిలబెట్టుకుంటే వస్తారు. డీజే పిలగాళ్ల ఉపాధి అంటారా, బరాత్‌లు ఏడాదంతా ఉన్నాయి.

చేయాల్సింది పెత్రమాస రాకముందే చేయాలి. బతుకమ్మ కమిటీలో సగానికి పైగా ఆడవాళ్లుండాలి, పాట విషయంలో వాళ్ల మాటే చెల్లాలి. పాటలు తెలిసిన పెద్దమ్మలను వెతికి, ఒక్కొక్కరి దగ్గర నాలుగు పాటలైనా ఫోన్‌లో రికార్డు చేయాలి, రాసుకోవాలి. డీజే కిరాయికి పోసే పైసలతో ఆ పాటల పుస్తకం అచ్చేసి ఇంటింటికీ పంచవచ్చు. దసరా సెలవులు ఇచ్చేలోపు బడిలో పిల్లలకు రెండు పాటలు నేర్పడం టీచర్లకు భారం కాదు. మరీ పెద్ద గుంపైతే పాట ఎత్తుకునే ఆమె చేతికి ఒక చిన్న మైకు చాలు.

ఇక చందా. రసీదు బుక్కు గడప ముందుకు వచ్చినప్పుడు ఇంటి ఆడవాళ్లే బయటికి వచ్చి డీజే పెడుతున్నారా అని అడగాలి. పెడుతున్నామంటే రూపాయి ఇవ్వొద్దు. లేదంటే రసీదు మీద "డీజే లేదు" అని రాయించుకుని, పోయినేడు ఇచ్చినదానికి రెట్టింపు ఇవ్వాలి.