తూకానికి వేసేముందు...

కాలేజీకి నూరేళ్ల పండగ వస్తోందంటే ముందు గోడలకు సున్నం పడుతుంది. తరువాత రికార్డు రూము తాళం తీస్తారు. తలుపు తోయగానే ముక్కుపుటాలదిరే దుమ్ము, గబ్బిలాల వాసన, పైకప్పు దాకా పేర్చిన కట్టలు. హాజరు పట్టీలు, ఫీజు రసీదు పుస్తకాలు, హాస్టల్ మెస్ లెక్కలు, ఏనాటివో జవాబు పత్రాలు, చెదలు సగం తిన్న కాలేజీ మ్యాగజైన్లు. ఆ గది ఇప్పుడు కంప్యూటర్లకు కావాలి. పాత పేపర్లు కొనే అతనికి కబురెళుతుంది. తక్కెడ వస్తుంది. సాయంత్రానికి గది ఖాళీ. సావనీరులో వేయడానికి పాత ఫొటోలేమైనా ఉన్నాయా అని ప్రిన్సిపాల్‌గారు అడిగేది సరిగ్గా ఆ మరుసటి వారమే!

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. పుట్టిన ప్రతి కాగితాన్నీ దాచుకుంటూ పోతే పాఠాలు చెప్పడానికి గది మిగలదు. ఎంత డబ్బున్న కాలేజీకైనా ఈ ఇబ్బంది ఉన్నదే. ఆఫీసులో తయారయ్యే కాగితాల్లో నూటికి అయిదు మించి శాశ్వతంగా ఉంచుకోలేమని ఆర్కైవ్స్ పనిలో తలపండినవాళ్లు చెబుతుంటారు. మరి ఆ అయిదూ ఏవి? తేల్చేదెవరు? మిగతా తొంభై అయిదూ పోతే పోనీ అనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

పొరపాటు జరిగితే ఏం పోతుందో తెలియాలంటే మన రామానుజన్ కాగితాల కథ వినాలి. శ్రీనివాస రామానుజన్ 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు. మంచంలో ఉన్న ఆఖరి రోజుల్లో కూడా విడి కాగితాల మీద లెక్కలు రాస్తూనే ఉన్నారు. ఆయన పోయాక భార్య జానకి అమ్మాళ్ నుంచి ఆ కాగితాలు మద్రాసు విశ్వవిద్యాలయానికి చేరాయి. 1923లో అక్కడివాళ్లు వాటిని ఇంగ్లండులో ఉన్న హార్డీకి పంపారు. హార్డీ దగ్గర్నుంచి ఏనాడో బర్మింగ్‌హామ్ ప్రొఫెసర్ జి.ఎన్. వాట్సన్ ఇంటికి వెళ్లాయి. వాట్సన్ 1965లో పోయారు. ఆయన జీవిత విశేషాలు రాసే పని జె.ఎం. విటేకర్ అనే మరో గణితశాస్త్రవేత్త మీద పడింది. వివరాలకోసం వాట్సన్ భార్యను చూడ్డానికి వెళితే, ఆమె భోజనం పెట్టి, భర్త చదువుకునే గది చూపించారు. నేలంతా అడుగు మందాన కాగితాలు! కలగాపులగంగా పడి ఉన్నాయి. ఇంకొద్ది రోజుల్లో వాటన్నిటినీ తగలబెట్టడానికి ఏర్పాటు కూడా అయిపోయింది. విటేకర్ ఆ గుట్టలో చెయ్యి పెట్టి అందినవి లాగడం మొదలుపెట్టారు. అలా లాగినవాటిలో రామానుజన్ చేతిరాత ఒకటి తగిలింది.

అదృష్టం అక్కడివరకే. ఆ తరువాత జరిగింది ఆలోచించి చేసిన పని. రాబర్ట్ రాంకిన్ అనే మరో ప్రొఫెసర్ ఆ కాగితాలను కూర్చుని వేరుచేశారు. వాట్సన్ సొంత కాగితాలు ఆయన జీవితమంతా పాఠాలు చెప్పిన బర్మింగ్‌హామ్‌కే చెందాలి. రామానుజన్‌వి మాత్రం కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీకి పోవాలి. ఎందుకంటే రామానుజన్ 1914లో వెళ్లి చేరిందీ, 1918లో ఫెలో అయిందీ అక్కడే. 1968 డిసెంబరులో కట్ట ట్రినిటీకి చేరింది. ఏడేళ్లకు పైగా దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. 1976లో అమెరికా నుంచి జార్జ్ ఆండ్రూస్ అనే గణితశాస్త్రవేత్త వేరే పనిమీద వచ్చి, ఆ కాలేజీ లైబ్రరీలో పెట్టె తెరిచి చూస్తే నూటికి పైగా పేజీలు, 600కు పైగా సూత్రాలు. నిరూపణలు లేవు. లోకం దాన్ని ‘పోయిన నోటుబుక్కు’ అంటుంది గానీ నిజానికి అది నోటుబుక్కూ కాదు, పోయిందీ లేదు. ఇవ్వాల్సిన చోట ఇచ్చారు, అక్కడ భద్రంగా ఉంది. 1987 డిసెంబరు 22న, రామానుజన్ శతజయంతినాడు, అచ్చయిన ప్రతి ఒకటి అప్పటి ప్రధాని రాజీవ్‌గాంధీ చేతుల మీదుగా జానకి అమ్మాళ్‌కు అందింది.

రాంకిన్ వేసుకున్న ప్రశ్నే ఏ కాలేజీ ఆర్కైవ్స్ అయినా మొట్టమొదట వేసుకునేది: ఇది మనింటిదేనా? గొప్ప వస్తువే కావచ్చు, ఖరీదైనదే కావచ్చు. మన కాలేజీతో దానికి సంబంధం లేకపోతే ఉండాల్సిన ఇల్లు వేరే ఉంటుంది. చెప్పడం తేలికే. రిటైరైన లెక్చరర్‌గారి పిల్లలు ఇల్లు అమ్ముకుంటూ ఆటోలో ఇరవై అట్టపెట్టెలు దింపి ‘‘నాన్నగారి జ్ఞాపకం, మీరే దాచాలి’’ అంటే కాదనడానికి నోరెలా వస్తుంది? విప్పి చూస్తే అందులో సగం ఏ లైబ్రరీలోనైనా దొరికే అచ్చు పుస్తకాలు, ఓ పెట్టెనిండా దండలు వేయించుకున్న ఫొటోలు, రెండు షీల్డులు. అట్టడుగున మాత్రం ముప్ఫై ఏళ్లపాటు ఆయన పాఠం చెప్పడానికి రాసుకున్న నోట్సు. దాచాల్సింది అదొక్కటే. విదేశాల్లో కాలేజీలు ఇలాంటి మొహమాటాలకు విరుగుడుగా ముందే ఓ విధానం రాసిపెట్టుకుంటాయి. ఏం తీసుకుంటాం, ఏం తీసుకోం, తీసుకున్నాక పనికిరానివి తిరిగిస్తామా పారేస్తామా అన్నీ అందులోనే. ఇచ్చేవాళ్లు సంతకం పెట్టాకే పెట్టె లోపలికి వస్తుంది. ఇది మర్యాద తక్కువ కాదు, మర్యాద కాపాడుకునే మార్గం.

ఇక రెండో ప్రశ్న. మనదే, సరే. ఉంచాలా? దీనిమీద పెద్దలే రెండు వర్గాలయ్యారు. బ్రిటన్‌కు చెందిన హిలరీ జెంకిన్‌సన్ (పేరు అలా ఉన్నా మగాయనే) 1922లో రాసిన పుస్తకంలో, ఎంపిక చేయడం కాగితాలు కాపాడేవాడి పని కాదన్నాడు. వాడి ఇష్టాయిష్టాలు చరిత్రకు అంటుకుంటాయని ఆయన భయం. అది ఒకప్పుడు చెల్లింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ప్రభుత్వ కార్యాలయాలు కాగితాల గుట్టలయ్యాక, ఎంచుకోక తప్పదని అమెరికాలో టి.ఆర్. షెల్లెన్‌బర్గ్ 1956లో తేల్చేశాడు. కాగితానికి రెండు జన్మలన్నాడు. మొదటిది పుట్టిన పనికోసం, రెండోది ఆ పని అయిపోయాక. ఫీజు రిజిస్టరే చూడండి. ఫలానా కుర్రాడు ఈ నెల కట్టాడా లేదా అన్నంత వరకే గుమాస్తాకు దానితో పని. యాభై ఏళ్లు గడిచాక అదే రిజిస్టరు, ఏ ఏడు కరువొచ్చి పిల్లలు చదువు మానేశారో, ఏ ఊళ్లనుంచి మొదటిసారి కుర్రాళ్లు పట్నం కాలేజీకి వచ్చారో, ఆడపిల్లల పేర్లు ఏ పేజీ నుంచి మొదలయ్యాయో చెబుతుంది. ఆ రాసిన గుమాస్తా కలలో కూడా ఊహించని ఉపయోగం ఇది.

మన ప్రభుత్వాఫీసుల్లోనూ ఓ పద్ధతుంది. ఇంట్లో ఎవరైనా కలెక్టరాఫీసులో పనిచేసి ఉంటే ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అన్న మాటలు వినే ఉంటారు. మొదటిది శాశ్వతంగా, రెండోది పదేళ్లు, మూడోది ఒక్క ఏడాది. మంచి ఏర్పాటే. కాకపోతే అది ఆఫీసు అవసరాన్ని కొలుస్తుంది. తాతగారి ఊరి కథ దానికి పట్టదు.

ఈ లెక్కనంతా తిరగేసి చూసిన మనిషి హెలెన్ శామ్యూల్స్. అమెరికాలోని ఎంఐటీలో ఆర్కైవ్స్ చూసుకునేవారు. 1992లో కాలేజీల కోసమే ఓ పుస్తకం రాశారు. ముందు కాగితాల వంక చూడకండి, కాలేజీ చేసే పనుల వంక చూడండి అంటారావిడ. పట్టాలివ్వడం, పాఠం చెప్పడం, పిల్లలు కలిసిమెలిసి బతకడం, పరిశోధన, సంస్థను నడపడం, ఊరికి ఉపయోగపడటం, కళలూ సంస్కృతీ... మొత్తం ఏడు పనులు తేల్చారు. ఇక వీటిలో దేనికి ఎంత కాగితం పుట్టిందో చూడండి. పట్టాలకూ జీతాలకూ బీరువాలు నిండిపోయాయి. పాఠం ఎలా చెప్పారన్నదానికి సిలబస్ కాపీ తప్ప దిక్కులేదు. హాస్టల్ గదిలో రాత్రి రెండింటిదాకా జరిగిన వాదాలకు, రంగస్థలం వెనకాల జరిగిన రిహార్సళ్లకు అదీ లేదు. కాబట్టి వచ్చింది వడబోసుకుంటూ కూర్చుంటే చాలదు, లేనిదాని కోసం వెళ్లి అడగాలి. ఓ మామూలు విద్యార్థి రాసుకున్న క్లాసు నోట్సు, ఇంటికి రాసిన ఉత్తరాలు, నాటకం కరపత్రం, సమ్మెనాటి పోస్టరు.

మన దగ్గరే చూడండి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. వద్దన్నారు అధికారులు. మానలేదు కుర్రాళ్లు. వాళ్లను బయటికి పంపేశారు. ఎంతోమంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేసుకున్నారు. పి.వి.నరసింహారావు వాళ్లలో ఒకరు. ఇలాంటి ఘటనలో ఆఫీసు ఫైలు చెప్పేది ఉత్తర్వు నంబరు, తేదీ. ఆ రాత్రి పెట్టె సర్దుకుంటూ ఓ కుర్రాడు తండ్రికి ఏమని రాసి ఉంటాడన్నది ఫైల్లో ఎక్కడ దొరుకుతుంది? అది ఎవరింటి అటక మీదో ఉండాలి, లేదా ఈపాటికి తూకానికి వెళ్లిపోయి ఉండాలి.

ఏది విలువైనదో తేల్చడంలో చదువుకున్నవాళ్లే తప్పటడుగు వేస్తారనడానికి తెలుగువాళ్లకు వేమన కంటే సాక్ష్యం అక్కర్లేదు. రెండొందల ఏళ్ల కిందటి పండితుల లెక్కలో ఆ పద్యాలు సాహిత్యమే కాదు. మద్రాసులో 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో తెలుగు నేర్చుకున్న బ్రౌన్ దొరకు ఆ చిన్నచూపు లేదు. దొరికిన ప్రతినల్లా పోగుచేయించి 1829లో అచ్చువేశాడు. ఆయన పోగేసిన రాతప్రతులు తరువాత మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

పరువు తెచ్చే కాగితాలు దాచడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. పరువు తీసేవాటి మాటేమిటి? వాషింగ్టన్ నగరంలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం ఉంది. జెస్యూట్ ఫాదరీల సంస్థ. అది కాలేజీగా ఉన్న రోజుల్లో, 1838లో, ఆ ఫాదరీలు తమ పొలాల్లో పనిచేసే 272 మంది నల్లజాతి బానిసలను లూసియానా భూస్వాములకు 1,15,000 డాలర్లకు అమ్మేశారు. ఆ సొమ్ములో కొంత కాలేజీ అప్పు తీర్చడానికి వెళ్లింది. పిల్లల పేర్లు, వయసులతో సహా జాబితా రాశారు. వాళ్ల దృష్టిలో అది సరుకు పట్టీ. లెక్కల్లో భాగంగా ఉండిపోయింది, ఎవరూ చింపలేదు. ఆ రికార్డులు ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీలోనే ఉన్నాయి. పరిశోధకులకు తెలిసిన సంగతే అయినా, 2015లో విద్యార్థులు ఆందోళన చేశాకే, ఆ అమ్మకానికి బాధ్యుడైన ఫాదరీ పేరు హాస్టలు భవనం మీంచి తీసేశారు. ఆ పట్టీలోని పేర్లు పట్టుకుని వారసులను వెతికారు. తాత ముత్తాతలు ఎక్కడినుంచి వచ్చారో తెలియని వేలమందికి ఓ పేరు దొరికింది. వాళ్ల పిల్లలకు ప్రవేశాల్లో ప్రాధాన్యం ఇస్తామని 2016లో విశ్వవిద్యాలయం ప్రకటించింది. 2017లో ఆ భవనానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. పట్టీలో మొదటి పేరు అతనిదే.

శతాబ్ది సంచిక వేసే కమిటీ చేతికి ఆ జాబితా చిక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అందుకే సావనీరు కమిటీ, ఆర్కైవ్స్ రెండూ ఒకరి చేతిలో ఉండకూడదనేది.

ఉంచడం వేరు, చూపించడం వేరు. హిలరీ క్లింటన్ 1969లో వెల్స్‌లీ కాలేజీలో చదువు ముగిస్తూ ఓ పరిశోధన వ్యాసం రాశారు. భర్త దేశాధ్యక్షుడయ్యాక 1993లో వైట్‌హౌస్ కోరిక మీద కాలేజీ దాన్ని మూసేసింది. పదవిలో ఉన్న అధ్యక్షుడు లేదా అధ్యక్షుడి భార్య రాసిన వ్యాసం ఎవరికీ చూపించమని ఓ నియమం పెట్టింది. ఆ నియమానికి లోబడేవారు ఆమె ఒక్కరే! సహజంగానే అందులో ఏదో ఘోరం ఉందన్న పుకార్లు పుట్టాయి. 2001 తరువాత తెరిచారు. తీరా చూస్తే ఓ ఉద్యమకారుడి పద్ధతుల మీద బుద్ధిమంతురాలైన విద్యార్థిని రాసిన వ్యాసం. ఒక మనిషి కోసం పెట్టిన నియమం దాచిన కాగితానికి లేని రంగు పూస్తుంది. అందరికీ ఒకే గడువు పెడితే ఆ తంటా ఉండదు. హార్వర్డ్‌లో అలాగే చేస్తారు. మామూలు పరిపాలన కాగితాలకు 50 ఏళ్లు, విద్యార్థులవీ ఉద్యోగులవీ అయితే 80 ఏళ్లు. ఫెయిలైన మార్కులు, హాస్టల్ గొడవలు, వార్డెన్‌కు పెట్టుకున్న క్షమాపణ చీటీలు బతికుండగా బయటపడకూడదు కదా.

కాగితం సంగతి ఇలా ఉంటే, అసలు కాగితమే లేని తరం వచ్చింది. ఫ్రెషర్స్ డే ఆహ్వానం వాట్సాప్‌లోనే, వీడ్కోలు ఫొటోలు ఫోన్లోనే, నోటీసు బోర్డు కూడా ఓ గ్రూపే. ఫోను మారితే అన్నీ పోతాయి. వీటికి తక్కెడ కూడా అక్కర్లేదు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు విదేశాల్లో చాలా కాలేజీల ఆర్కైవ్స్ ముందే మేల్కొన్నాయి. మీరు రాసుకున్న డైరీలు, ఫొటోలు, ఆన్‌లైన్ క్లాసు పడిన తిప్పలు ఏవైనా పంపండని విద్యార్థులను అడిగి మరీ తీసుకున్నాయి. ఇక హార్వర్డ్ ఆఫీసు ఆ ఏడాది విద్యార్థుల మీద పెట్టిన ఫైళ్లు చదవాలంటే మాత్రం ఆ లెక్కన 2100 దాకా ఆగాలి.